తప్పు దిద్దడం, తప్పు కప్పడం

రాసిన సీడీని తిరిగి చదివించి చూసుకోవడం నైతిక సమస్య ఎలా అవుతుందని పాఠకులు అడగవచ్చు. అది యంత్రానికి సంబంధించిన పని; చూసుకుంటే మంచిది, చూసుకోకపోతే నష్టం, అంతేకదా అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం నాకెందుకు కలిగిందో చెప్పాలంటే, ముందు ఆ యంత్రం చేసే పని ఏమిటో కొంత వివరంగా చెప్పుకోవాలి. మన సాహిత్య విమర్శకులకు యంత్రాల పట్ల కొంచెం చిన్నచూపు వుంది. రైలింజను మీద గేయం రాస్తారుగాని దాని బాయిలరు ఎలా పనిచేస్తుందో తెలుసుకోరు. ఈ వ్యాసంలో ఆ పద్ధతి పనికిరాదు.

కర్మాగారంలో తయారయ్యే పాటల సీడీ వేరు, మనం ఇంట్లోనో ఇంటర్నెట్ సెంటర్లోనో రాయించుకునే సీడీ వేరు. మొదటిదానిలో గుంటలుంటాయి, వాటిని అచ్చు ఒత్తుతారు. రెండవదానిలో గుంటలు ఒత్తడం వుండదు. ప్లాస్టిక్ బిళ్ళకూ, అద్దంలా మెరిసే పల్చని లోహపు పూతకూ మధ్య ఒక రంగు పొర వుంటుంది. రాసేటప్పుడు లేజరు కిరణం ఆ రంగును ఒకచోట కాల్చి ఒకచోట కాల్చకుండా పోతుంది. చదివేటప్పుడు బలం తక్కువ కిరణాన్ని దానిమీద వేస్తే, కాలినచోట ఒకలాగా కాలనిచోట మరొకలాగా తిరిగివస్తుంది. మనం సమాచారం అనేది ఇంతే. ఈ రాత మధ్య నుంచి అంచుకు చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. చుట్టకూ చుట్టకూ ఎడం మిల్లీమీటరులో వెయ్యోవంతుకు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. ఆ చుట్టను విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లకు పైగా వస్తుంది. ఐదు కిలోమీటర్ల దారిలో ఎక్కడా దుమ్ము లేకుండా, గీత లేకుండా, వేలిముద్ర లేకుండా, రంగు వెలవకుండా వుంటుందని ఎవరూ ఆశించరు. రేకుల కప్పు కింద మే నెలలో బీరువాలో పడివున్న సీడీ విషయంలో అసలే ఆశించరాదు.

కనుక తప్పులేని సీడీ అంటూ లోకంలో లేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. ఇప్పుడే రాసి, ఇప్పుడే యంత్రంలో నుంచి తీసిన సీడీలో కూడా తప్పులుంటాయి. సెకనుకు 7,350 పలుకుల చొప్పున సీడీని చదువుతుంటే, పది సెకన్ల సగటు మీద సెకనుకు 220 పలుకుల్లో తప్పు వున్నా ఫరవాలేదని సీడీ ప్రమాణమే ఒప్పుకుంటున్నది. అంటే నూటికి మూడు. మంచి సీడీలో ఇంతకంటే చాలా తక్కువ వుంటాయిగాని, బొత్తిగా సున్న వుండదు. ఇన్ని తప్పులున్నా మనకు పాట చక్కగా వినిపిస్తుంది. ఎందుకంటే ఆ తప్పులన్నీ మనకు చేరకముందే దిద్దబడుతున్నాయి.

ఈ దిద్దుబాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోదగిన కథే. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు వుండేవాడు. అక్కడి గణనయంత్రం ఆయనకు వారాంతాల్లో దొరికేది. లెక్క పెట్టి ఇంటికి పోయి సోమవారం వచ్చి చూస్తే, యంత్రం మధ్యలో ఎక్కడో తప్పు పసిగట్టి, ఆ లెక్కను వదిలేసి తర్వాతి లెక్కకు పోయి వుండేది. తప్పు వున్నదని తెలుసుకోగలిగిన యంత్రం అది ఎక్కడ వున్నదో కూడా తెలుసుకుని ఎందుకు దిద్దుకోలేదని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం ఫలితంగా 1950లో ఒక సిద్ధాంతం వెలువడింది. మరి పదేళ్ళకు, 1960లో, ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు మరింత బలమైన పద్ధతి కనిపెట్టారు. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీల సీడీ బజారులోకి వచ్చినప్పుడు దానిలో వున్నది ఈ రెండవ పద్ధతే.

గణితం సంగతి వదిలేసినా భావం కష్టమైనది కాదు. ధాన్యం లెక్క రాసే గుమాస్తా అడ్డువరసల మొత్తాలు పక్కనా, నిలువు వరసల మొత్తాలు అడుగునా వేసుకుంటాడు. మధ్యలో ఒక అంకె మీద సిరా ఒలికితే ఆ మొత్తాల సాయంతో దాన్ని తిరిగి రాబట్టవచ్చు. అంకె చెరిగిపోక మారిపోయివుంటే, ఏ అడ్డువరసా ఏ నిలువు వరసా కుదరడంలేదో చూసి, అవి రెండూ కలిసే గడిని పట్టుకోవచ్చు. డీవీడీలో దాదాపు ఇదే చేస్తారు. 192 అడ్డువరసలు, 172 నిలువు వరసలు వున్న పట్టీకి ప్రతి అడ్డువరస చివరా 10, ప్రతి నిలువు వరస అడుగునా 16 అదనపు బైట్లు చేరుస్తారు. సీడీలో ప్రతి 24 బైట్లకు రెండు అంచెలలో 8 బైట్లు చేరుస్తారు. పైగా పక్కపక్కన వుండవలసినవాటిని దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. ఒక గీత పడితే ఒక వాక్యం మొత్తం పోకుండా వంద వాక్యాల నుంచి ఒక్కొక్క అక్షరం పోతుంది. వంద వాక్యాలూ బతుకుతాయి. రెండున్నర మిల్లీమీటర్ల పొడవున రాత పోయినా ఈ పద్ధతి దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెస్తుంది.

ఉన్నదున్నట్టు అనే మాటను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. ఇది ఊహ కాదు. ముందు జాగ్రత్తపడి దాచుకున్న అదనపు సాక్ష్యం నుంచి లెక్కకట్టి తేల్చిన నిజం. దిద్దడం అంటే ఇదీ.

అయితే దిద్దుబాటుకు ఒక హద్దు వుంది. రెండో అంచె కూడా దిద్దలేనన్ని తప్పులు ఒకచోట పోగుపడితే ఏమవుతుంది? పాటల సీడీని వాయించే యంత్రం అప్పుడు రెండవ పనికి దిగుతుంది. పోయిన విలువకు ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ తీసుకుని, వాటి మధ్యస్థంగా ఒక విలువను కల్పించి అక్కడ పెడుతుంది. అదీ కుదరకపోతే ఆ కాస్తసేపు గొంతు నొక్కేస్తుంది. ఇంజనీర్లు ఈ పనికి పెట్టుకున్న పేరు నిజాయితీగానే వుంది. కప్పిపుచ్చడం అనే అన్నారు. పాటలో సెకనుకు 44,100 విలువలుంటాయి గనుక అందులో ఒకటి అబద్ధమైతే చెవి పట్టుకోలేదు, శ్రోతకు నష్టంలేదు. అదే సీడీ మీద జీతాల పట్టీయో, ఓటర్ల జాబితాయో వుంటే? పక్క అంకెల సగటు తీసి ఒకరి జీతం రాయరాదు గదా. అందుకని సమాచారపు సీడీలో 2,352 బైట్ల గడిలో 2,048 మాత్రమే సరుకుకు కేటాయించి, 276 బైట్లు మరో దఫా దిద్దుబాటుకూ, 4 బైట్లు సరిచూపుకూ వుంచారు. అప్పటికీ సాధ్యంకాకపోతే ఆ యంత్రం కల్పించదు. చదవలేకపోయానని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు మనం యంత్రాన్ని తిట్టుకుంటాం. అది మనతో మాట్లాడిన అన్ని మాటల్లోకీ గౌరవించదగిన మాట అదేనని నాకు ఇటీవల తోస్తున్నది.

ఇక సరిచూడడం అంటే ఏమిటి? ఈ మాట కింద మూడు వేరువేరు ప్రశ్నలను కలిపేసి చిక్కు తెచ్చుకుంటున్నాం. ఈ సీడీ చదవడానికి వస్తున్నదా? ఇది అసలుతో సమానంగా వున్నదా? ఇది ఇంకా ఎంత దూరం పోగలదు?

మొదటి ప్రశ్నకు జవాబు అవును అయినంతమాత్రాన రెండవదానికి అవును కాదు. ఫైలు తెరుచుకోవచ్చు, లోపల ఒక పేజీ చెడివుండవచ్చు. అసలు ఫైలుకూ నకలుకూ వేరువేరుగా లెక్కకట్టి తీసిన పొట్టి సంఖ్యలను పోల్చి చూడడం దీనికి పద్ధతి. ఇక్కడొక చమత్కారం వుంది. సీడీలోని దిద్దుబాటు దుమ్ముకూ గీతకూ తయారైన పద్ధతి. అది శత్రువును ఊహించదు. కావాలని మార్చి, మార్చినదానికి తగినట్టు మొత్తాలు కూడా మార్చి రాస్తే అది సంతోషంగా అబద్ధాన్ని కాపాడుతుంది. శత్రువును ఊహించి తయారుచేసిన సంఖ్యలు వేరే వున్నాయి. వాటిలో ఎండీ5 అనే దాన్ని 2004లో చైనా గణితజ్ఞురాలు వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు ఛేదించారు. ఒకే సంఖ్య వచ్చే రెండు వేరువేరు ఫైళ్ళను కావాలని తయారుచేసి చూపించారు. దుమ్ము ఆ పని చెయ్యలేదుగాని మనిషి చెయ్యగలడు. ప్రకృతి చేసే తప్పుకూ మనిషి చేసే మోసానికీ ఒకే కాపలా చాలదని గణితం ఒప్పుకోవలసివచ్చింది. పైగా అసలే అబద్ధమైతే? ఏ పద్ధతీ ఆ సంగతి చెప్పదు. అబద్ధానికి నమ్మకమైన నకలు తీసిపెడుతుంది.

మూడవ ప్రశ్న అన్నిటికంటే లోతైనది, అందరూ మరిచిపోయేది. సెకనుకు అయిదు తప్పులున్న సీడీ, సెకనుకు రెండువందల తప్పులున్న సీడీ వినేవాడికి ఒకేలా వుంటాయి. రెండిట్లోనూ పాట ఒక్కటే, ఒక్క పలుకు తేడా లేదు. మొదటిది ఆరోగ్యంగా వుంది, రెండవది గోతి అంచున వుంది. రంగు కొంచెం కొంచెంగా వెలుస్తుంది, తప్పులు కొంచెం కొంచెంగా పెరుగుతాయి, దిద్దుబాటు వాటన్నిటినీ మింగుతూ పోతుంది, బయటికి ఏమీ కనిపించదు. ఒకనాడు హద్దు దాటుతుంది, ఆనాడు సీడీ కొంచెం చెడదు, చదవడానికే రాదు. పరిమాణంలో మార్పు గుణంలో మార్పుగా పరిణమించడానికి నీళ్ళు మరగడం ఒక్కటే ఉదాహరణగా విద్యార్థులకు చెప్పి విసుగెత్తిన ఉపాధ్యాయులు దీన్ని వాడుకోవచ్చు. ఇందులో నీళ్ళ ఉదాహరణలో లేని అంశం ఒకటి వుంది. ఇక్కడ మార్పును కంటబడకుండా చేస్తున్నది దిద్దుబాటే. దిద్దుబాటు ఎంత సమర్థంగా వుంటే క్షయం అంత రహస్యంగా సాగుతుంది. తన తప్పులను లోలోపల నిశ్శబ్దంగా సర్దుకుంటూ, లెక్క బయటపెట్టని సంస్థలు మనం చూడలేదా? ఎన్ని సర్దుకున్నారో ఏడాదికొకసారి చెప్పివుంటే, కూలిపోయిననాడు సభ్యులు అంత ఆశ్చర్యపోయివుండేవారు కారు.

ఆ లెక్కను బయటికి చెప్పే డ్రైవులు కొన్ని వుండేవి. ప్లెక్స్టర్, లైట్-ఆన్ తయారుచేసిన కొన్నిటికి తగిన ప్రోగ్రాము పెడితే, అవి సీడీని చదువుతూ ఎక్కడ ఎన్ని తప్పులు దిద్దాయో, ఎక్కడ దిద్దలేకపోయాయో గీత గీసి చూపేవి. ఒకే సీడీకి రెండు డ్రైవులు రెండు లెక్కలు చెబుతాయి. అలాగని లెక్కే బూటకమని కొట్టిపారేసేవారున్నారు. అది పొరపాటు. చదవడం అనేది సీడీ ఒక్కటే చేసే పని కాదు, చదివేదానికి కూడా అందులో భాగం వుంది. ఒకే డ్రైవుతో, ఒకే వేగంతో, ఏడాదికొకసారి చూస్తే లెక్క పెరుగుతున్నదా లేదా తెలుస్తుంది. కావలసింది అదే. రాసిన డ్రైవుతోనే కాక మరొకదానితోనూ చదివించాలి. తాను రాసినదాన్ని తానే చదువుకునేవాడికి తన దస్తూరీ ఎప్పుడూ బాగానే వుంటుంది. రాసిన వెంటనే చూసేటప్పుడు సీడీని బయటికి తీసి మళ్ళీ పెట్టాలని అనుభవజ్ఞులు చెప్పేది కూడా ఇందుకే. లేకపోతే కంప్యూటరు సీడీని చూడకుండా ఇంకా తన జ్ఞాపకంలో వున్నదాన్నే చూసి సరిగా వుందనవచ్చు.

ఇప్పుడు నా సంగతి.

2005లో నేను కోస్తా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, పాత వ్యవసాయ కూలీల మాటలు టేపు చేసే పని పెట్టుకున్నాను. ఒక ముసలామె వుండేది. పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె యవ్వనంలో వుండగా ఆ వూళ్ళో కోతల కాలంలో కూలి పెంచమని సమ్మె జరిగింది. ఆ సంగతి గంటా పది నిమిషాలు చెప్పింది. కొలత కుంచం ఎలా వుండేదీ, ఎవరు ఎలా దబాయించిందీ, ఆడవాళ్ళు గట్టుమీద ఎక్కడ నిలబడిందీ, అన్నీ. కష్టమైన సంగతి మనుషులు చివరికిగాని చెప్పరు. ఆమె కూడా తన భర్త మాట చివరి పది నిమిషాల్లోనే ఎత్తింది.

ఆ టేపును ఒక విద్యార్థి చేత కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటర్నెట్ సెంటర్లో మూడు సీడీలు రాయించాను. ఎవరింట్లోనైనా మామూలు ప్లేయరులో వినవచ్చునని పాటల సీడీగానే రాయమన్నాను. మూడూ రాసి, అక్కడి కుర్రవాడు, ‘ఒకటి మొదటినుంచి చివరిదాకా పెట్టి చూడమంటారా మాస్టారూ?’ అని అడిగాడు. నాకు బస్సుకు టైమయింది. ‘అక్కర్లేదులే బాబూ’ అన్నాను. ఒకటి పెద్దమ్మ ఇంట్లో ఇచ్చాను, ఒకటి మా సంఘం లైబ్రరీలో పెట్టాను, ఒకటి నేను వుంచుకున్నాను. మూడున్నాయి గదా అనే ధైర్యంతో ఆ క్యాసెట్టు మీద మరొకరి మాటలు టేపు చేశాను. 2009లో పెద్దమ్మ పోయింది.

2014లో పుస్తకం వేద్దామని కూర్చుని నా సీడీ పెడితే, గంట దాటాక గొంతు తెగుతూ వచ్చింది. లైబ్రరీ సీడీని ప్లేయరు గుర్తుపట్టనే లేదు. పెద్దమ్మ ఇంట్లోది పిల్లలు గీసిపెట్టినా నాదానికంటే నయంగా వుంది, కాని అదీ చివర్లో తెగింది. మూడు నకళ్ళంటే మూడు సాక్ష్యాలని నేను అనుకున్నాను. కావు. ఒకే పెట్టెలోని సీడీలు, ఒకే డ్రైవు, ఒకే మధ్యాహ్నం, ఒకే అవసరానికి మించిన వేగం. ఒకే కారణం వల్ల చెడిపోగల మూడు నకళ్ళు ఒక నకలు కింద లెక్క. పైగా సీడీ మధ్య నుంచి అంచుకు రాయబడుతుంది, అంచునే వేళ్ళు తగులుతాయి, ఇలాంటి చవక సీడీల్లో అంచునే రంగు ముందు బలహీనమవుతుంది. పెద్దమ్మ చివరికి దాచుకుని చెప్పిన సంగతి వెళ్ళి ఆ అంచున పడింది.

తెగినచోట్లలో చాలావాటిని మూడింటినీ పోల్చి పూరించగలిగాను. ఒకచోట కుదరలేదు. ‘మూడోనాడు మా ఆయన కోతకు పో’ అన్నంతవరకు వినిపిస్తుంది. తర్వాత ముప్పాతిక సెకను నిశ్శబ్దం. ఆపైన ‘అందరూ చూశారు’ అని వుంది. నేను ఒక్క క్షణం కూడా సందేహించలేదు. పోలేదు అని రాశాను. చుక్కలు పెట్టలేదు, అడుగున ఒక ముక్కయినా రాయలేదు. ఆమె అలాగే అన్నట్టు నాకు గుర్తున్నది కూడా. 2015లో పుస్తకం అచ్చయింది. సమ్మెలో చివరిదాకా నిలబడిన ఆ భర్త పాత్రను సభల్లో ఇద్దరు ముగ్గురు వక్తలు మెచ్చుకున్నారు.

పెద్దమ్మ మనవరాలు అప్పుడు బీఈడీ చదువుతున్నది. పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ‘మాస్టారూ, మా తాత పోయాడు గదా. పోలేదని రాశారేమిటి? నాయనమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. నాన్నకు జ్వరం, ఇంట్లో గంజికి గింజ లేదు. మూడోనాడు కోతకు పోయాడు, అందరూ చూశారు. సాయంత్రం కూలి గింజలు గడపలో పెట్టి, రాత్రంతా బయటే కూర్చున్నాడట’ అంది.

ఆమె వెళ్ళాక ఆ పేజీ మళ్ళీ చదివాను. అందరూ చూశారు అనే మాటకు నేను తీసుకున్న అర్థం ఏమిటి? అతని పట్టుదలను అందరూ చూశారని. ఆ మాటలో వున్న సిగ్గు నా చెవికి ఆనలేదు. ఒక భౌతికశాస్త్ర విద్యార్థి తన పాత డ్రైవుతో ఆ సీడీని మళ్ళీ చదివించి, దిద్దలేకపోయిన బైట్లను గుర్తుపెట్టి చూపించాడు. ఆ ముప్పాతిక సెకనంతా గుర్తులతో నిండివుంది. అంటే తనకు తెలియదన్న సంగతి యంత్రానికి తెలుసు; అడిగితే చెబుతుంది. నేను మాత్రం కప్పిపుచ్చాను, కప్పిపుచ్చినట్టు గుర్తు కూడా మిగల్చలేదు.

ఈ సంగతి ఒక మిత్రునితో చెబితే ఆయన నన్ను ఓదార్చబోయాడు. ఆయన వాదం మన పత్రికల పాఠకులకు కొత్తదికాదు. సాహిత్యం చెప్పవలసింది విడివిడి యథార్థాలను కాదు, వర్గం తాలూకు ప్రాతినిధ్య సత్యాన్ని. సమ్మెలో నిలబడిన కూలివాడే ఆ కాలానికి ప్రతినిధి. కనుక ఒక మనిషి విషయంలో వాస్తవం తప్పినా చారిత్రక సత్యం తప్పలేదు అన్నాడు. నవలకు ఈ వాదం కొంతవరకు వర్తిస్తుందేమో. ఆమె చెప్పినదానికి వర్తించదు. ప్రతినిధి అని నేను అనుకున్నది ఎక్కడినుంచి వచ్చింది? నేను చదివిన పుస్తకాల నుంచి, విన్న ఉపన్యాసాల నుంచి, ఆమె మాటల్లోనే ముందూ వెనకా వున్న ధైర్యం నుంచి. అంటే చుట్టుపక్కల విలువల సగటు. సీడీ ప్లేయరు చేసే పనికీ దీనికీ తేడా ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు. నిజానికి ప్రాతినిధ్యం మాటే తీసుకున్నా, బిడ్డ జ్వరానికి తలవంచి, తెచ్చిన గింజలు గడపలో పెట్టి లోపలికి రాలేకపోయిన మనిషి దగ్గర ఆ సమ్మె ఎంత కష్టంగా సాగిందో తెలుస్తుంది. నేను సృష్టించినవాడి దగ్గర నా ఆశ తప్ప ఏమీ తెలియదు.

మరొక మిత్రుడు ఇంకో వైపునుంచి వచ్చాడు. మౌఖిక సంప్రదాయంలో అసలు అనేది ఎక్కడుందన్నాడు. ఈ ప్రశ్న మరింత గట్టిది. వేమన పద్యాలనే తీసుకుందాం. 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసిన సి.పి. బ్రౌన్, అనేక తాటాకు ప్రతులు తెప్పించి, పండితులను జీతాలకు పెట్టుకుని ప్రతిని ప్రతితో పోల్పించాడు. ప్రతికొక పాఠం, పద్యాల సంఖ్యే కుదరదు. జనం ఆ పద్యాలను తమవిగా చేసుకుని మార్చుకుంటూ పోయారు. ఆ మార్పులన్నీ తప్పులంటే వేమన బతుకుతున్న తీరునే తప్పనాలి. దీనికి ఎదురుగా ఘనపాఠం వుంది. మొదటి మాట, రెండో మాట, తిరగేసి మళ్ళీ రెండూ మొదటా, తర్వాత మూడోదాన్ని కలిపి ముందుకూ వెనక్కూ, ఇలా వల్లె వేయించి వేదంలో స్వరం కూడా జారకుండా కాపాడారు. అది దిద్దుబాటు పద్ధతే, అందులో సందేహం లేదు, అదనపు సాక్ష్యాన్ని నోట్లోనే మోశారు. కాని దాన్ని వినే హక్కు కూడా కొన్ని కులాలకు లేకుండా చేసి కాపాడారు. రెండిటిలో జనం పక్షం ఏదంటే వేమన వైపే చెయ్యి చూపుతాం. అందుకని మార్పే జీవం, నిక్కచ్చితనం ఛాందసం అనే నిర్ణయానికి వచ్చేయడం మనవాళ్ళకు అలవాటయింది. నాకూ అలవాటే.

పాటకు అది వర్తిస్తుంది. పాట పాడేవాడిది, రేపు మరొకడు మార్చి పాడితే అదీ పాటే, దానికి పూచీ వాడిదే. సాక్ష్యం అలాంటిది కాదు. నేను చూశాను, నాకు జరిగింది అని ఒక మనిషి చెప్పినప్పుడు ఆ మాటకు పూచీ ఆ మనిషిదే. దాన్ని నేను మారిస్తే నా మాటకు ఆమెను పూచీ పెట్టినవాణ్ణవుతాను. ఆమె లేనప్పుడు మారిస్తే, కాదనే అవకాశం కూడా తీసేసినవాణ్ణవుతాను. దొరలు పూర్వం వేలిముద్ర వేయించుకున్న కాగితం మీద తరవాత ఏమేమి రాసుకునేవారో మనం కథలు కథలుగా రాశాం. నేను రాసింది ఆమెకు అనుకూలంగానే గదా అని సరిపెట్టుకోబోయాను. కాగితం తిరగరాసినవాడి ఉద్దేశం మంచిదైనా అది తిరగరాయడం కాకపోదు.

సరిచూడడానికి ఎవరి దగ్గర తీరిక వుంది అనే ప్రశ్న కూడా అడగాలి. రాయడానికి పట్టినంతసేపూ చూడడానికీ పడుతుంది. సీడీకి ఇంత అని కూలి పుచ్చుకునే కుర్రవాడికి చూసినదానికి ఎవరూ ఇవ్వరు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడిదీ అదే స్థితి; పని బాగా చేసినంతకాలం వాడు పని చేసినట్టే ఎవరికీ తెలియదు. ఖాళీ సీడీలకు వందేళ్ళ ఆయుష్షు చెప్పుకున్న కంపెనీలు, వేడిలోనూ తేమలోనూ కొద్దికాలం పెట్టి చూసిన ఫలితాన్ని లెక్కతో వందేళ్ళకు సాగదీసి చెప్పాయి. ఆ లెక్కను సరిచూసే పనిని కొన్నవాడి నెత్తిన పెట్టాయి. ఇంతా చేసి, ఆ సెంటర్లో కుర్రవాడు తనంతట తాను చూస్తానన్నాడు, వద్దన్నది నేను. అందుచేత ఈ విషయంలో వ్యవస్థ మీద నెట్టడానికి నాకు ఎక్కువ చోటు లేదు.

సీడీల కాలం పోయింది గదా అంటారు. పోతున్నమాట నిజమే. సోనీ కంపెనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ కూడా ఆపేసింది. ఇప్పుడు అన్నీ ఎక్కడో కంపెనీల సర్వర్లలో వుంటున్నాయి. అక్కడా దిద్దుబాటు జరుగుతూనే వుంటుంది. కాని ఎంత దిద్దారో, ఎంత దిద్దలేకపోయారో అడగడానికి మన చేతిలో డ్రైవు లేదు. అదీగాక సమాచారం అంటే అమరమని నమ్మే ఒక కొత్త ఆత్మవాదం బయలుదేరింది. దేహం పోయినా మరో దేహంలో దూరుతుందట. దూరుతుంది, ఎవరో ఒకరు మొదటి దేహం కుళ్ళకముందే మోసుకుపోయి దూరిస్తే. మోసేవాళ్ళు లేనిచోట అది కాస్త రంగు, కాస్త లోహం.

2019లో పుస్తకం రెండోసారి వేశాం. ‘కోతకు పో’ దగ్గర ఆపి చుక్కలు పెట్టాను. ఇక్కడ మాట వినపడటం లేదనీ, మొదటి ముద్రణలో నేను ఊహించి రాసినది తప్పనీ అడుగున రాశాను. మనవరాలు చెప్పినదాన్ని మనవరాలు చెప్పినట్టుగానే దాని కింద వేశాను. ఇది ఆమెకు నచ్చలేదు. ‘నేను చెప్పింది నమ్మలేదా మాస్టారూ? నమ్మితే పోయాడు అనే రాయవచ్చు గదా, చుక్కలెందుకు?’ అంది. నమ్మాననే చెప్పాను. అయితే నాయనమ్మ నీకు చెప్పింది వేరు, ఆ రోజు నాకు చెప్పింది వేరు. ఆ రోజు నాతో ఏమన్నదో నాకు నిజంగా తెలియదు, తెలియనిచోట తెలియదనే వుండాలి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి పుస్తకంలో మాత్రం తెలియనట్టు వుండడం ఏం న్యాయం అంది. దీనికి నాదగ్గర ఆమెను తృప్తిపరిచే జవాబు లేదు. నా పద్ధతి మార్చుకోనూ లేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో వచ్చి, తనకు తెలిసినదంతా తన గొంతుతో విడిగా టేపు చేయించింది. నలభై నిమిషాలు వచ్చింది. అయ్యాక లేవబోతుంటే కూర్చోమని, మొదటినుంచి పెట్టమంది. మొత్తం విన్నది. రెండుచోట్ల ఆపించి, ఇది ఇలా కాదు, మళ్ళీ చెబుతానంది.